అత్తగారు లేని గ్రూపు ఫోటో

ఎక్కడైనా ఒక ఫ్యాక్టరీ మూతపడిందని చెవిన పడితే చాలు, ఆ ఇంటి కోడలికి ఆ పూట తిండి సహించదు. జాలితో కాదు. సెలవు ఎప్పుడొస్తుందా, కెమెరా భుజాన వేసుకుని ఎప్పుడు బయల్దేరదామా అనే తొందరతో. వారమంతా కళ్ళజోళ్ళ దుకాణంలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. సెలవొస్తే తుప్పుపట్టిన బాయిలర్లు, పావురాలు కాపురం పెట్టిన గోడౌన్లు, కిటికీలు రాలిపోయిన షెడ్లు. అవి కూడా ఫోనుతో కాదు, రీలు వేసి తీసే పాత కెమెరాతో. వీధిలో ఆమెని గోడలమ్మ అంటారు. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆమెకి తెలుసు. పైగా ఆ పేరు ఆమెకి నచ్చింది కూడా.

అత్తగారికి మాత్రం ఈ వ్యవహారం ఎన్నేళ్ళయినా మింగుడుపడలేదు.

“లోకంలో అందరూ మనుషుల్ని ఫోటో తీస్తారు. నువ్వేమో గోడల్ని తీస్తావు.”

“గోడలు కళ్ళు మూయవు కదా అత్తయ్యా. కదలవు కూడా.”

“కదలనిదే కావాలంటే అంత దూరం ఎందుకమ్మాయ్? సెలవు రోజున మావాడు ఆ సోఫాలోనే ఉంటాడుగా.”

మావాడంటే ఆవిడ కొడుకు, ఈమె భర్త, సిటీ బస్సు డ్రైవరు. వారమంతా బస్సుతో ఊరు తిరిగేవాడు సెలవు రోజున కదలడంటే అందులో వింతేమీ లేదు. అతను సోఫాలోంచే నవ్వి ఊరుకునేవాడు. అత్తాకోడళ్ళ మధ్య తలదూర్చని మొగుడు దొరకడం ఎంత అదృష్టమో కోడలికి తెలుసు.

ఇక అత్తగారు. జీవితంలో సగం నూలు మిల్లులో నడిచిన మనిషి. నడిచిన అనే అనాలి, పనిచేసిన అంటే చాలదు. అక్కడ కూర్చోడానికి బల్ల కూడా ఉండేది కాదు. మిషన్ల మధ్య తిరుగుతూ, ఎక్కడ దారం తెగితే అక్కడ వేళ్ళతో అతుకుతూ, షిఫ్టంతా నడకే. మిల్లు మూతపడ్డాక కూడా ఆ నడక ఆగలేదు. నడుముకి దోపుకున్న గుడ్డ కూడా ఆగలేదు. దూది నూగు ఎక్కడ పడితే అక్కడ వాలే చోట అలవాటైన చెయ్యి అది. కనిపించిన ప్రతి వస్తువునీ తుడుస్తుంది. తిరిగేదేదైనా దొరికితే తిప్పి, దాని కింద కూడా తుడుస్తుంది. రేడియో మరలు, పొయ్యి మరలు, గడియారం వెనక బుల్లి చక్రం, ఏదీ వదలదు. ఆ ఇంట్లో గడియారం సరైన సమయం చూపించినట్టు ఎవరికీ గుర్తులేదు.

ఒకరోజు సాయంత్రం భర్త డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుతూ చెప్పాడు. “అమ్మా, మీ మిల్లు పడగొట్టేస్తున్నారు. గేటు దగ్గర బోర్డు పెట్టారు. ఈ నెలాఖరుకి మొదలుపెడతారట.”

అత్తగారు అప్పుడు మిక్సీ తుడుస్తోంది. “పడగొట్టనీ. ఎప్పుడో పడిపోవాల్సింది,” అని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోందని కోడలు గమనించింది గానీ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే ఆమె మనసు అప్పటికే మిల్లులో ఉంది. ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న ఆ నూలు హాలు లోపలికి వెళ్ళాలని ఆమెకి ఎప్పటినుంచో ఆశ.

గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన్ని చుట్టుపక్కల అందరూ తాళాలాయన అంటారు. పై సెలవుకి కోడలు ఆయన్ని బతిమాలి లోపలికి వెళ్ళింది. మిషన్లన్నీ ఎప్పుడో అమ్మేశారు. మిగిలింది పొడవాటి ఖాళీ హాలు, రెండు వరసల ఇనప స్తంభాలు, నేలలోంచి పొడుచుకొచ్చిన బోల్టుల మొదళ్ళు. కిటికీలకి రేకులు కొట్టేశారు. తలుపు దగ్గరగా వేస్తే పట్టపగలే కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. ఆమె తలుపు ఓరగా తెరిచి ఉంచి, ఫ్లాష్ పెట్టి, తనివితీరా తీసుకుంది.

ఇంటికొచ్చి రీలు కడిగితే ప్రాణం ఉసూరుమంది. ప్రతి ఫోటోలో సగమే హాలుంది. మిగతా సగం నలుపు. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత.

ఒక ఫోటో బల్ల మీద ఆరుతుంటే అత్తగారు వచ్చి చూసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. “ఇది మా హాలేనా?”

“మీదే అత్తయ్యా. పాడైపోయింది, సగం రాలేదు.”

“ఎడమవైపు మా బారుజడ వాళ్ళ మిషన్లు. ఇటు నావి.” ఆవిడ వేలు నలుపు మీద ఆగింది. “నా వంతు వచ్చేసరికి ఎప్పుడూ ఇంతేలే.”

ఆ మాటలో వెక్కిరింపు లేదు. వెక్కిరింపు లేకుండా అత్తగారు మాట్లాడితే ఆ ఇంట్లో ఎవరికైనా భయం వేస్తుంది. కోడలు కుర్చీ జరిపి, “ఏం జరిగిందత్తయ్యా?” అని అడిగింది. ఇంట్లో ఎప్పుడూ కూర్చోని మనిషి కూర్చుని మరీ చెప్పింది.

మిల్లు బాగా నడుస్తున్న రోజుల్లో యజమాని ఒకసారి ఫోటోగ్రాఫర్‌ని పిలిపించాడట. షిఫ్టులో ఉన్న ఆడవాళ్ళందరూ బయటికొచ్చి మెట్ల మీద వరసగా నిలబడాలి. కానీ మిషన్లు ఆపకూడదు. ఒక్కసారి ఆపితే దారాలన్నీ తెగి, మళ్ళీ నడిపించేసరికి పూట గడిచిపోతుంది. లోపల ఒకరు ఉండాలి. సూపర్‌వైజరు అందర్నీ ఒకసారి చూసి ఈవిడ వైపు వేలు చూపించాడు. నువ్వు చురుకైనదానివి, నువ్వు చూసుకో, నీకు తర్వాత విడిగా తీయిస్తాను అన్నాడు. అందరూ తలలు దువ్వుకుని బయటికి వెళ్ళారు. ఈవిడ ఒక్కతే హాలంతా పరిగెత్తింది. ఇక్కడ దారం అతికి తిరిగేలోగా అక్కడ తెగేది. బయట నవ్వులు వినిపించేవి. అవి ఆగేసరికి ఫోటోగ్రాఫర్ సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

“మరి విడిగా తీయిస్తానన్నాడుగా?”

“అన్నాడు. అన్నవాడు కూడా పోయాడు పాపం.” ఆవిడ లేచింది. “నేనక్కడ పనిచేశానని చెప్పడానికి ఒక్క ఫోటో లేదమ్మాయ్. ఇప్పుడు మిల్లు కూడా ఉండదు.”

కోడలికి అప్పుడు ఒక సంగతి వెలిగింది. ఆ గ్రూపు ఫోటో బారుజడ ఇంట్లో ముందుగదిలో గోడకి ఉంది. బారుజడంటే అత్తగారి మిల్లు స్నేహితురాలు. జడ ఇప్పుడు వేలెడంత కూడా లేదు గానీ పేరు అలాగే మిగిలిపోయింది. అత్తగారు వారానికోసారి కోడలిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్తుంది. వెళ్ళినప్పుడల్లా ఆ గోడకి వీపు పెట్టే కుర్చీలోనే కూర్చుంటుంది. కిటికీ గాలి కోసమని కోడలు అనుకునేది. కిటికీ ఎటువైపుందో ఇప్పుడు గుర్తుచేసుకుంటే, గాలి అటు రానే రాదు. అన్నేళ్ళు పక్కనే కూర్చుని కూడా తనకి తట్టనందుకు ఆమెకి బాధ కలిగింది.

“వచ్చే సెలవుకి మీరూ నాతో రండి,” అంది. “మీ చోట మిమ్మల్ని నిలబెట్టి తీస్తాను.”

“గోడలు తీసేదానివి, నా మొహం తీస్తావా?”

“మీరు గోడలా నిలబడితే తీస్తాను.”

అయితే ముందు ఆ నలుపు సంగతి తేలాలి. ఆ సాయంత్రం కోడలు వంటింటి బల్ల మీద సామానంతా పరిచింది. ఫ్లాష్‌లో బ్యాటరీలు పెట్టే చోట ఆకుపచ్చ చిలుము కనిపిస్తే నిమ్మరసంతో తుడిచి ఆరబెట్టింది. కొసల్ని పెన్సిలు రబ్బరుతో మెరిసేదాకా రుద్దింది. ఫ్లాష్ దివ్యంగా వెలిగింది. అంటే రోగం ఫ్లాష్‌ది కాదు.

అటువంటి కెమెరా లోపల రెండు నల్లగుడ్డ తెరలుంటాయి, వాటినే షట్టరు అంటారు. మొదటిది తెరుచుకుంటూ ముందు పోతుంది, రెండోది మూసుకుంటూ వెనక వస్తుంది. వేగం తక్కువ పెడితే, రెండూ పక్కకి తప్పుకుని దారంతా తెరుచుకుని ఉండే క్షణం ఒకటుంటుంది. ఫ్లాష్ వెలగాల్సింది అప్పుడే. వేగం పెంచితే, మొదటి తెర దాటకముందే రెండోది తరుముకొస్తుంది. అప్పుడు ఫ్లాష్ వెలిగితే సగం తెరకి తగిలి ఆగిపోతుంది. ఆమె రీలు తీసేసి, కెమెరా వెనక తలుపు తెరిచి, ఫ్లాష్ తగిలించి, తెల్లగోడ వైపు పెట్టి, వెనకనుంచి కన్ను పెట్టి నొక్కింది. సగమే వెలుగు కనిపించింది. వేగం మర చూస్తే, తాను ఎప్పుడూ పెట్టే అంకె మీద లేదు. ఒక గడి ముందుకి జరిగి ఉంది. వెనక్కి తిప్పి మళ్ళీ నొక్కితే నిండు వెలుగు.

“దీన్నెవరు ముట్టుకున్నారు?” అని అడగబోయి తలెత్తేసరికి, అత్తగారు నడుముకున్న గుడ్డ తీసి, ఆమె విప్పి పక్కన పెట్టిన ఫ్లాష్ అందుకుని, దాని మరని ఒక చుట్టు తిప్పి, కింద శుభ్రంగా తుడుస్తోంది.

కోడలికి నవ్వొచ్చింది. ఎంతకీ ఆగలేదు. సోఫాలోంచి భర్త, “నాకు డిపోలో ఎప్పుడూ ఆలస్యమే పడుతుంది, ఇప్పటికైనా అర్థమైందా?” అన్నాడు. గడియారం గురించి అతను ఏళ్ళుగా మొత్తుకుంటున్నాడు.

“అంత దుమ్ము పట్టి ఉంటే తుడవనా మరి?” అని అత్తగారు ఒంటికాలి మీద లేచింది. ఎందుకు నవ్వుతున్నారో తెలిశాక మాత్రం గుడ్డ నడుముకి దోపుకుని గదిలోకి వెళ్ళిపోయింది. మిల్లుకి బయల్దేరే రోజు దాకా కెమెరా ఉన్న బీరువా జోలికి పోలేదు. చెయ్యి మాత్రం అటు రెండుమూడు సార్లు లాగింది.

ఆ రోజు అత్తగారు కొత్త బట్టలు కట్టుకోలేదు. మిల్లుకి వేసుకెళ్ళిన పాత లేత రంగు బట్టలు పెట్టె అడుగునుంచి తీసి ఇస్త్రీ చేసుకుంది. తాళాలాయన తలుపు తీస్తూ, “ఇవాళే ఆఖరమ్మా. రేపు తాళాలు అప్పజెప్పేస్తున్నా,” అన్నాడు. సాయంత్రం లోగా ముగించమన్నాడు.

లోపలికి అడుగుపెట్టాక అత్తగారు ఎవర్నీ ఏమీ అడగలేదు. టార్చి వెలుతురు కోసం ఆగలేదు. కాలితో నేల తడుముకుంటూ, బోల్టు మొదళ్ళ మధ్య సందులోంచి తిన్నగా నడిచి ఒకచోట ఆగింది. “ఇదీ నాది.”

కోడలు ఎదురుగా చోటు చూసుకుంది. కెమెరా స్టాండు మీద నిలబెట్టింది, ఫ్లాష్ తీగ తగిలించింది, వేగం మర రెండుసార్లు చూసుకుంది. నొక్కింది. కెమెరా టిక్కుమంది గానీ ఫ్లాష్ వెలగలేదు.

రీలు తిప్పి మళ్ళీ నొక్కింది. లేదు. బ్యాటరీలు మార్చింది. ఫ్లాష్ మీద ఎర్ర దీపం నిక్షేపంగా వెలుగుతోంది, చేత్తో బొత్తాం నొక్కితే భగ్గుమంటోంది. కెమెరా చెబితే మాత్రం వినడం లేదు. తీగని మొదట్లో వంచి పట్టుకుంటే ఒకసారి వెలిగింది. హమ్మయ్య అని అత్తగారిని నిలబెట్టి నొక్కితే మళ్ళీ మొండికేసింది. లోపలెక్కడో తీగ తెగింది. ఈసారి వెలుగుతుంది, ఈసారి వెలుగుతుంది అంటూ రీలు కరగబెట్టుకుంటూ పోయింది. ఆశ ఉన్నవాళ్ళ చేతిలో రీలు నిలవదు. చివరికి చూస్తే ఒక్క ఫోటోకి మాత్రమే మిగిలింది. ఇంకో రీలు ఉంది. ఇంట్లో ఫ్రిజ్‌లో, చల్లగా, భద్రంగా ఉంది.

“తెగిన దారం అతకడానికి ఇంతసేపా?” అంది అత్తగారు చీకట్లోంచి.

“ఇది మీ దారం కాదత్తయ్యా, నా ప్రాణం తీస్తోంది.”

కోడలు కాసేపు తల పట్టుకుంది. తర్వాత తీగ పీకేసింది. ఫ్లాష్ కెమెరా మాట వినకపోతే, వినిపించడం మానేస్తే సరి. గాఢమైన చీకట్లో షట్టరు తెరిచిపెట్టినా ఫిల్ము మీద ఏమీ పడదు. ఫ్లాష్ ఎంతమేర వెలిగితే అంతే పడుతుంది. తలుపు మూసేసి, షట్టరు తెరిచి, ఫ్లాష్ చేత పట్టుకుని హాలంతా తిరుగుతూ ఒక్కో స్తంభం చాటునుంచి వెలిగించుకుంటూ పోతే, అంత పెద్ద హాలూ ఆ ఒక్క ఫోటోలోకి వస్తుంది. తాను చాటున ఉంటుంది కాబట్టి తాను పడదు.

తలుపు బయటనుంచి మూసి, పిలిచేదాకా తీయొద్దని తాళాలాయనకి చెప్పింది. “అత్తయ్యా, కదలొద్దు,” అంది. టార్చి ఆర్పి, షట్టరు తెరిచి, మళ్ళీ మూసుకోకుండా గొళ్ళెం పెట్టింది. మొదటి వెలుగు అత్తగారి మీద. తర్వాత చీకట్లో స్తంభాలు తడుముకుంటూ ఒక్కోచోట ఆగి, కళ్ళు చెదరకుండా మొహం గోడకి తిప్పి, రెప్పలు గట్టిగా మూసి, బొత్తాం నొక్కుతూ పోయింది. అటు చివరిదాకా వెళ్ళి, ఇటు వరసలో తిరిగొచ్చి, షట్టరు మూసి, టార్చి వేసింది.

అత్తగారు అక్కడ లేదు.

“ఇంకా ఎన్ని తీస్తావమ్మాయ్?” అని గొంతు హాలు అవతలి చివరనుంచి వచ్చింది.

కోడలు టార్చి అటు తిప్పింది. “అత్తయ్యా, మీరు కదిలారా?”

“మొదట్లోనే వెలిగింది కదా, నాది అయిపోయిందనుకున్నా. తర్వాత నువ్వు నీ గోడలు తీసుకుంటున్నావు. ఊరికే నిలబడటమెందుకని మిషన్ల వెంట ఒక చుట్టు తిరిగొచ్చాను. ఇక్కడ నిలబడి ఉండటం నా కాళ్ళకి చేతకాదు.”

కదలొద్దని కోడలు చెప్పింది నిజమే. ఎప్పటిదాకానో చెప్పలేదు. ఫ్లాష్ వెలిగితే ఫోటో అయిపోయిందని ఎవరైనా అనుకుంటారు. ఫోటో పాడైపోయి ఉంటుందని ఆవిడకి చెప్పకుండానే ఆమె సామాను సర్దింది.

ఆ రోజు భర్తకి డ్యూటీ పడింది, తిరుగుదారిలో అతను నడిపే బస్సే దొరికింది. అత్తగారు అతని వెనక సీట్లో కూర్చుని, “ఫోటో తీయించుకున్నానురా, మిల్లులో, నా చోట్లో,” అని స్టాపు స్టాపుకీ చెప్పింది. పక్క సీటు ఆవిడకి కూడా చెప్పింది. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ ఆనందం ఫోటో చూశాక ఏమవుతుందోనని ఆమె భయం.

ఇంటికి చేరగానే బాత్రూములోకి దూరి తలుపు సందులో తువ్వాలు కుక్కింది. వాషింగ్ మిషను మీద పలక, పలక మీద ఫోటో పెద్దది చేసే యంత్రం, ట్రేలలో మందులు, పైన ఎర్ర బల్బు. బయట, డ్యూటీ దిగొచ్చిన భర్త భుజాన తువ్వాలు వేసుకుని, “నా స్నానం ఈ వారంలో అవుతుందా?” అని వాకబు చేస్తున్నాడు. ఆమె రీలు కడిగి ఆరబెట్టి, చివరి ఫోటోని కాగితం మీదికి దింపి, మందులో ముంచింది.

ముందు స్తంభాలు వచ్చాయి. తర్వాత కప్పు, నేల మీద బోల్టుల వరసలు. తర్వాత అత్తగారు, తన చోట్లో, గుడ్డ నడుముకి దోపుకుని. ఆ పక్క స్తంభం దగ్గర మళ్ళీ అత్తగారు, వంగి, చెయ్యి చాచి. ఆ వెనక ఇంకోసారి. ఎడమ వరసలో, బారుజడ వాళ్ళ వైపు కూడా. అటు చివర చిన్నగా, తొందర తొందరగా వెళ్తూ ఒకావిడ, ఆవిడలోంచి వెనక గోడ లీలగా కనిపిస్తోంది. హాలులో ఎటు చూసినా అత్తగారే. కోడలు ట్రే అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తలుపు అవతల మొగుడు పిలుస్తున్నా ఆమెకి వినిపించలేదు.

తడి ఆరకుండానే తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

“ఇది నేను. మరి ఇదెవరు?”

“మీరే.”

“ఇది?”

“అదీ మీరే అత్తయ్యా. షట్టరు తెరిచే ఉంది. వెలిగినప్పుడల్లా మీరెక్కడుంటే అక్కడ పడ్డారు. నేను సరిగ్గా చెప్పలేదు. పాడుచేశాను.”

అత్తగారు ఫోటో దగ్గరికి లాక్కుంది. వేలితో ఒక్కో తననీ ముట్టుకుంటూ హాలంతా తిరిగింది. చివరికి తలెత్తింది. “ఆ రోజు ఇలాగే ఉన్నానమ్మాయ్. అందరూ బయట నిలబడినప్పుడు. సరిగ్గా ఇలాగే. అప్పుడెవరూ చూడలేదు.”

నడుమున గుడ్డ ఆవిడ కళ్ళ మీదికి వెళ్ళింది. కోడలు ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇద్దరూ ఏడ్చారు, దాచుకోలేదు. కాసేపటికి అత్తగారు ముక్కు తుడుచుకుని, “ఈ చివర మరీ చిక్కిపోయాను, గోడ కనిపిస్తోంది,” అని వంక పెట్టింది. దాంతో అంతా మామూలైంది. భర్త స్నానానికి వెళ్ళాడు.

ఆ వారం అత్తాకోడళ్ళిద్దరూ ఫ్రేము కట్టించిన ఫోటో పట్టుకుని బారుజడ ఇంటికి వెళ్ళారు. బారుజడ దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. “ఇదేంటే, హాలు నిండా నువ్వే ఉన్నావు? మేమంతా ఏమైపోయాం?”

“మీరు బయట ఫోటో దిగుతున్నారుగా,” అంది అత్తగారు.

బారుజడ గోడ మీద గ్రూపు ఫోటో వైపు చూసింది. మళ్ళీ చేతిలోది చూసింది. లోపలికి వెళ్ళి సుత్తి, మేకు తెచ్చింది. గ్రూపు ఫోటోని కాస్త పక్కకి జరిపి, దాని పక్కనే దీన్ని తగిలించింది. వంకరగా ఉందని అత్తగారు రెండుసార్లు సరిచేసింది, గుడ్డ తీసి రెండు అద్దాలూ తుడిచింది.

తర్వాత ఎప్పుడూ కూర్చునే కుర్చీ దాటి వెళ్ళి, గోడకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.